హార్ట్స్ ఆఫ్ ఐరన్ 4లో మీ సైన్యానికి సొంత గుర్తు పెట్టుకోవడం ఎలా?

"జెండా గీశాను, ఫోల్డర్‌లో పెట్టాను, ఆటలో మాత్రం పాతదే వస్తోంది." "నా జెండా తలకిందులుగా కనిపిస్తోంది." "పెద్ద సైజులో బాగుంది, చిన్నగా చూస్తే ఏం గీశానో నాకే అర్థం కావట్లేదు." హార్ట్స్ ఆఫ్ ఐరన్ 4 అంటే రెండో ప్రపంచ యుద్ధం మీద వచ్చిన కంప్యూటర్ వ్యూహాల ఆట. అందులో సొంత జెండా పెట్టుకోవాలనుకునేవాళ్ల నుంచి ఈ మూడు ప్రశ్నలూ తిరిగి తిరిగి వస్తూనే ఉన్నాయి. ఒక్కొక్కరికి విడిగా జవాబు చెప్పే బదులు మొదటి నుంచి చివరి దాకా అంతా ఒకేచోట రాస్తున్నాను. వరసగా చేసుకుంటూ వెళ్తే ఒక పూటలో పని అయిపోతుంది. కోడింగ్ రాకపోయినా పర్వాలేదు.

ఉదాహరణకి ఆటలో బ్రిటిష్ ఇండియాని తీసుకుందాం. రెండో ప్రపంచ యుద్ధంలో భారత సైన్యంలోని డివిజన్లకు ఒక్కోదానికి ఒక్కో భుజం గుర్తు ఉండేది. నాలుగో డివిజన్‌ది నల్లటి నేపథ్యం మీద ఎగిరే ఎర్ర గద్ద. ఐదో డివిజన్‌ది నలుపు మీద ఎర్రటి గుండ్రం, దాన్ని అగ్నిగోళం అనేవారు. ఏడో డివిజన్‌ది బంగారు బాణం, పదిహేడోది నల్ల పిల్లి. 1941లో ఎరిత్రియాలోని కెరెన్ దగ్గర పోరాడింది ఈ నాలుగు, ఐదు డివిజన్లే. మనం ఎర్ర గుండ్రాన్ని, ఎర్ర గద్దను దేశం జెండా స్థానంలో పెట్టి చూద్దాం. ఒకటి చాలా సులువు, రెండోది కష్టం. రెండూ చేస్తే ఇక ఏ గుర్తయినా మీరే చేసుకోగలరు.

ఒక చిన్న మాట. ఫైళ్ల పేర్లు, ఫోల్డర్ల పేర్లు ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. కంప్యూటర్‌లో మాత్రం వాటిని ఇంగ్లీషు అక్షరాల్లోనే టైప్ చేయాలి.

కావాల్సినవి

- ఆట. 2016లో వచ్చిన అసలు ఆట ఒక్కటి చాలు, డీఎల్‌సీలు (విడిగా కొనే అదనపు భాగాలు) అవసరం లేదు.
- టీజీఏ (ఈ ఆట జెండాలకి వాడే బొమ్మల ఫార్మాట్) ఫైళ్లు రాయగల బొమ్మల సాఫ్ట్‌వేర్. ఇక్కడ జింప్ వాడుతున్నాను, అది ఉచితం. ఫోటోషాప్, పెయింట్ డాట్ నెట్ కూడా సరిపోతాయి. విండోస్‌తో వచ్చే మామూలు పెయింట్ పనికిరాదు, అందులో టీజీఏ లేదు.
- విండోస్‌లో ఫైల్ ఎక్స్‌టెన్షన్లు కనిపించేలా పెట్టుకోవడం. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ మెనూలో ఉంటుంది. ఇది ముందే చేసి పెట్టుకోండి. ఎందుకో ఆరో దశలో చెబుతాను.

1. ముందు ఆటలో ఉన్న అసలు జెండాలు చూడండి

స్టీమ్‌లో (ఆటలు కొని నడిపే సాఫ్ట్‌వేర్) ఆట పేరు మీద రైట్ క్లిక్ చేసి, మేనేజ్‌లోకి వెళ్లి, బ్రౌజ్ లోకల్ ఫైల్స్ నొక్కండి. ఆట ఉన్న ఫోల్డర్ తెరుచుకుంటుంది. అందులో జీఎఫ్‌ఎక్స్ అనే ఫోల్డర్, దాని లోపల ఫ్లాగ్స్ ఉంటాయి. ఫ్లాగ్స్‌లో నేరుగా ఉన్నవి పెద్ద జెండాలు. అందులోనే మీడియం, స్మాల్ అని మరో రెండు ఫోల్డర్లు కనిపిస్తాయి.

బ్రిటిష్ ఇండియాకి ఆటలో ఉన్న మూడక్షరాల కోడ్ ఆర్‌ఏజే. ఫ్లాగ్స్‌లో ఆ మూడు అక్షరాలతో మొదలయ్యే ఫైళ్లన్నీ వెతికి, వాటి పేర్లు ఒక కాగితం మీద రాసుకోండి. ఒకటి కాదు, చాలానే ఉంటాయి. తరువాత వచ్చే తలనొప్పుల్లో సగం ఈ జాబితా రాసుకోకపోవడం వల్లే.

ఈ ఫోల్డర్‌లో దేన్నీ మార్చకండి. ఇక్కడే పాత జెండా తీసేసి కొత్తది పెడితే పని అయిపోతుంది కదా అనిపిస్తుంది. అవుతుంది కూడా, కానీ ఆటకి అప్‌డేట్ వచ్చినప్పుడో, స్టీమ్‌లో ఫైళ్లు వెరిఫై చేసినప్పుడో మీ జెండా పోయి పాతది వచ్చేస్తుంది. చూడటానికి, కాపీ తీసుకోవడానికి మాత్రమే ఇక్కడికి రండి.

2. ఖాళీ మాడ్ ఒకటి తయారు చేసుకోండి

మాడ్ అంటే ఆట అసలు ఫైళ్లని ముట్టుకోకుండా దానికి మన మార్పులు చేర్చే ఫోల్డర్. ఆట మొదలుపెట్టినప్పుడు వచ్చే లాంచర్‌లో మాడ్స్ విభాగం ఉంటుంది. అందులోనే కొత్త మాడ్ తయారు చేసే బటన్ ఉంటుంది. లాంచర్ వెర్షన్‌ని బట్టి దాని చోటు కాస్త మారుతుంది. పేరు, వెర్షన్, ఫోల్డర్ పేరు అడుగుతుంది. ఫోల్డర్ పేరులో ఖాళీలు వద్దు, చిన్న ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు చాలు. ట్యాగ్‌లలో గ్రాఫిక్స్ ఎంచుకోండి.

ఇప్పుడు డాక్యుమెంట్స్‌లో పారడాక్స్ ఇంటరాక్టివ్, దాని లోపల హార్ట్స్ ఆఫ్ ఐరన్ 4, దాని లోపల మాడ్ ఫోల్డర్ తెరవండి. ఆట పేరులోని 4 అక్కడ రోమన్ అంకెలో ఉంటుంది. మీరు ఇచ్చిన పేరుతో ఒక ఫోల్డర్, అదే పేరుతో పక్కనే ఒక చిన్న డాట్ మాడ్ ఫైల్ వచ్చి ఉంటాయి. రెండూ అవసరమే.

వన్‌డ్రైవ్ ఆన్‌లో ఉన్న కంప్యూటర్లలో డాక్యుమెంట్స్ అనేవి రెండు ఉండొచ్చు, ఒకటి మామూలుది, ఒకటి వన్‌డ్రైవ్ లోపలిది. లాంచర్ ఏ డాక్యుమెంట్స్‌లో మాడ్ పెట్టిందో చూసుకుని అక్కడే పని చేయండి. రెండో దాంట్లో ఎంత జాగ్రత్తగా పెట్టినా ఆటకి కనిపించదు.

మీ మాడ్ ఫోల్డర్ లోపల జీఎఫ్‌ఎక్స్, దాని లోపల ఫ్లాగ్స్, దాని లోపల మీడియం, స్మాల్ ఫోల్డర్లు మీరే సృష్టించండి. ఆట అసలు ఫోల్డర్‌లో పేర్లు ఎలా ఉన్నాయో అక్షరం తేడా లేకుండా అలాగే ఉండాలి.

3. గుర్తు గీయండి

మూడు సైజులు కావాలి. పెద్దది 82 × 52 పిక్సెళ్లు, మధ్యది 41 × 26, చిన్నది 10 × 7. ఇవి ఆట పెట్టిన కొలతలు, ఇందులో మన ఇష్టం ఏమీ లేదు.

చాలామంది ఇక్కడే దారి తప్పుతారు. రెండు వేల పిక్సెళ్ల వెడల్పు బొమ్మ ఒకటి నెట్‌లోంచి తీసుకుని, దాన్ని నేరుగా మూడు సైజులకు కుదించేస్తారు. పెద్ద సైజులో పర్వాలేదు. 10 × 7 అంటే మొత్తం కలిపి 70 పిక్సెళ్లే. గద్ద ఈకలు, కత్తి పిడి, అక్షరాలు ఏవీ అందులో పట్టవు. కంప్యూటర్ వాటన్నిటి సగటు తీసి ఏదో గోధుమ రంగు ముద్ద చేతిలో పెడుతుంది. అందుకే గుర్తు ఎంచుకునేటప్పుడే చిన్న సైజు గురించి ఆలోచించండి. అక్కడ బతికే గుర్తు పెద్ద సైజులో తప్పకుండా బాగుంటుంది. పెద్ద సైజులో బాగున్నది చిన్నదాంట్లో బతుకుతుందన్న నమ్మకం లేదు.

నేను పాటించే నియమాలు ఇవి. రంగులు రెండు, మహా అయితే మూడు. నేపథ్యానికి, గుర్తుకి మధ్య వెలుగులో గట్టి తేడా ఉండాలి. ముదురు నీలం మీద ముదురు ఎరుపు వేస్తే రంగులు వేరైనా చిన్న సైజులో కలిసిపోతాయి. బొమ్మని ఒక్క నిమిషం బ్లాక్ అండ్ వైట్‌గా మార్చి చూడండి, అప్పటికీ గుర్తు కనిపిస్తుంటే రంగులు సరిపోయినట్టే. అక్షరాలు వద్దు, తెలుగైనా ఇంగ్లీషైనా. తెలుగు అక్షరాల వంపులు 41 × 26లోనే మాసిపోతాయి.

జింప్‌లో కొత్త బొమ్మ 820 × 520 సైజులో తెరవండి. ఇది పెద్ద జెండాకి సరిగ్గా పది రెట్లు, కాబట్టి కుదించినప్పుడు గీతలు శుభ్రంగా వస్తాయి. ఇమేజ్ మెనూలో మోడ్ దగ్గర ఆర్‌జీబీ ఉందో లేదో చూడండి. ఇండెక్స్‌డ్ అని ఉంటే ఆర్‌జీబీకి మార్చండి.

నేపథ్యం ఒక లేయర్, గుర్తు మరో లేయర్. ఐదో డివిజన్ గుర్తుకైతే నల్లటి నేపథ్యం, మధ్యలో ఎర్ర గుండ్రం, అంతే. గద్దకైతే పూర్తి నిండు ఆకారం గీయండి, లోపల ఈకల గీతలు వద్దు. సన్న గీత తప్పదనుకుంటే ఈ పెద్ద కాన్వాస్ మీద అది కనీసం 20 పిక్సెళ్ల మందం ఉండాలి. అప్పుడే 82 × 52లో రెండు పిక్సెళ్లుగా నిలబడుతుంది, 41 × 26లో ఒక్క పిక్సెల్‌గా మిగులుతుంది.

అంచుల్లో చుట్టూ 40 పిక్సెళ్ల దాకా ముఖ్యమైనదేదీ పెట్టకండి. ఆటలో చాలాచోట్ల జెండా ఒక ఫ్రేమ్ లోపల కూర్చుంటుంది, అంచులు దాని కిందికి పోతాయి. ఇంకొకటి. ఆట ఇంటర్‌ఫేస్ మొత్తం ముదురు రంగే. నల్ల నేపథ్యం ఉన్న గుర్తు దాంట్లో కలిసిపోయి, జెండాకి హద్దు ఎక్కడో తెలియదు. పెద్ద, మధ్య సైజుల్లో లేత బూడిద రంగుతో సన్నని అంచు గీస్తే బాగా నిలబడుతుంది. అసలు గుర్తులో ఆ అంచు లేకపోయినా సరే, ఇక్కడ అది ఉండటమే మేలు.

ఈ అసలు ఫైల్‌ని జింప్ సొంత ఫార్మాట్‌లో, లేయర్లతో సహా సేవ్ చేసి పెట్టుకోండి. పెద్ద, మధ్య సైజులు రెండూ దీని కాపీ మీదే చేయాలి.

4. మూడు సైజులు తయారు చేయండి

పెద్దది: ఇమేజ్ మెనూలో స్కేల్ ఇమేజ్. వెడల్పు 82, ఎత్తు 52. ఇంటర్‌పొలేషన్ దగ్గర క్యూబిక్ ఎంచుకోండి.

మధ్యది: మళ్లీ 820 × 520 అసలు ఫైల్ నుంచే మొదలుపెట్టి 41 × 26కి కుదించండి. 82 × 52ని ఇంకోసారి కుదించకండి, రెండుసార్లు కుదిస్తే బొమ్మ మరింత మెత్తబడుతుంది. మసకగా అనిపిస్తే ఫిల్టర్లలోని షార్పెన్ కొద్దిగా వాడండి.

చిన్నది: దీన్ని కుదించకండి, చేత్తో గీయండి. కుదించాలని చూసేవాళ్లకి ఇంకో చిక్కు కూడా ఉంది. 82 × 52, 41 × 26 రెండూ ఒకే నిష్పత్తి. 10 × 7 ఆ నిష్పత్తిలో లేదు. స్కేల్ ఇమేజ్‌లో వెడల్పు, ఎత్తుల పక్కన గొలుసు గుర్తు ఉంటుంది. అది కలిసి ఉండగా వెడల్పు 10 అని కొడితే ఎత్తు తనంతట తానే 6 అవుతుంది. గమనించకుండా ఓకే కొట్టేస్తే 10 × 6 ఫైల్ తయారవుతుంది. ఆటకి కావాల్సింది అది కాదు.

కాబట్టి 10 × 7 సైజులో కొత్త బొమ్మ తెరిచి, 3200 శాతానికి జూమ్ చేయండి. పెన్సిల్ టూల్ తీసుకోండి, సైజు 1. పెయింట్ బ్రష్ వద్దు, అది అంచుల్ని మెత్తగా చేసి పక్క పిక్సెళ్లకి కూడా రంగు పూస్తుంది. ఇక్కడ ప్రతి పిక్సెల్ మన చేతిలో ఉండాలి.

వెడల్పు 10 సరి సంఖ్య, ఎత్తు 7 బేసి సంఖ్య. అడ్డంగా చూస్తే మధ్య పిక్సెల్ అనేది లేదు, నిలువుగా ఉంది. అందుకే 5 × 5 గుండ్రం గీస్తే ఒక పక్కకి జరిగిపోయినట్టు ఉంటుంది. 6 వెడల్పు, 5 ఎత్తు పెట్టండి. లెక్కకి అది గుండ్రం కాదు, కానీ ఈ సైజులో కంటికి గుండ్రంగానే కనిపిస్తుంది. నిండు గడులు ఎరుపు, ఖాళీ గడులు నలుపు:

□□□□□□□□□□
□□□■■■■□□□
□□■■■■■■□□
□□■■■■■■□□
□□■■■■■■□□
□□□■■■■□□□
□□□□□□□□□□

గద్ద విషయంలో అసలు కష్టం ఇక్కడే. తల, ముక్కు, తోక, గోళ్లు అన్నీ పెట్టలేం. గద్ద అని తెలియాలంటే ఒక్కటే ఉండాలి, పైకి లేచిన రెక్కలు. మిగతావన్నీ వదిలేయండి:

□□□□□□□□□□
□■□□□□□□■□
□■■□□□□■■□
□□■■■■■■□□
□□□□■■□□□□
□□□□■■□□□□
□□□□□□□□□□

దగ్గరగా చూస్తే ఇది గద్దలా ఉండదు. జూమ్ 100 శాతానికి తెచ్చి చూడండి, రెక్కలు విప్పిన పక్షి కనిపిస్తుంది. పిక్సెల్ ఒకటి ఎక్కడ పెట్టినా వెంటనే 100 శాతంలో చూసుకుంటూ ఉండండి. జింప్‌లో వ్యూ మెనూలో న్యూ వ్యూ నొక్కితే అదే బొమ్మ రెండో కిటికీలో వస్తుంది. ఒకటి 3200లో, ఒకటి 100లో పెట్టుకుంటే మాటిమాటికీ జూమ్ మార్చక్కర్లేదు.

సన్నని బూడిద అంచు ఇందులో వద్దు. 70 పిక్సెళ్లలో చుట్టూ అంచుకే 30 పోతాయి.

5. టీజీఏగా ఎగుమతి చేయండి

తలకిందుల జెండాలన్నీ పుట్టేది ఈ దశలోనే, కాబట్టి నిదానంగా చేయండి.

లేయర్ మెనూలో ట్రాన్స్‌పరెన్సీలోకి వెళ్లి, యాడ్ ఆల్ఫా ఛానెల్ నొక్కండి. అది బూడిద రంగులో ఉండి నొక్కబడకపోతే ఆల్ఫా ఇప్పటికే ఉందని అర్థం. ఆల్ఫా అంటే ఏ పిక్సెల్ ఎంత పారదర్శకమో చెప్పే సమాచారం. బొమ్మలో పారదర్శకత లేకపోయినా ఇది కావాలి. ఆల్ఫా ఉంటేనే జింప్ 32 బిట్ ఫైల్ రాస్తుంది, లేకపోతే 24 బిట్‌ది రాస్తుంది. లేయర్లు కలపాలంటే మెర్జ్ విజిబుల్ లేయర్స్ వాడండి. ఫ్లాటెన్ నొక్కితే ఆల్ఫా పోతుంది.

తరువాత ఫైల్ మెనూలో ఎక్స్‌పోర్ట్ యాజ్. సేవ్ యాజ్ కాదు, అది జింప్ సొంత ఫార్మాట్‌లోనే సేవ్ చేస్తుంది. పేరు చివర డాట్ టీజీఏ అని మీరే టైప్ చేయండి. అప్పుడు ఒక చిన్న పెట్టె వస్తుంది. అందులో రెండు విషయాలు చూడాలి:

- ఆర్‌ఎల్‌ఈ కంప్రెషన్ టిక్ తీసేయాలి.
- ఆరిజిన్ (ఫైల్‌లో బొమ్మ ఏ మూల నుంచి మొదలవుతుందన్నది) దగ్గర బాటమ్ లెఫ్ట్ ఉండాలి. టాప్ లెఫ్ట్ ఉంటే ఆటలో జెండా తలకిందులవుతుంది.

ప్రతి ఫైల్‌కీ ఈ రెండూ చూడండి. పెద్దదానికి సరిగ్గా పెట్టి, చిన్నదానికి మర్చిపోవడం చాలా మామూలు.

ఫోటోషాప్‌లో చేసేవాళ్లు టార్గా ఎంచుకుని, 32 బిట్స్ పెట్టి, కంప్రెషన్ టిక్ తీసేయాలి. దానికి ముందు ఛానెల్స్ ప్యానెల్‌లో ఆల్ఫా ఛానెల్ ఒకటి చేర్చి, దాన్ని పూర్తి తెలుపుతో నింపండి. నలుపుతో వదిలేస్తే బొమ్మ మొత్తం పారదర్శకం అయిపోతుంది. పెయింట్ డాట్ నెట్‌లో సేవ్ చేసేటప్పుడు వచ్చే పెట్టెలోనే 32 బిట్, కంప్రెషన్ రెండూ ఉంటాయి.

ఆట తెరవకుండానే ఫైల్ సరిగ్గా వచ్చిందో లేదో చెప్పే సులువైన పరీక్ష ఉంది. ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో ఎన్ని బైట్లో చూడండి. కంప్రెషన్ లేని 32 బిట్ ఫైల్‌లో ఒక్కో పిక్సెల్‌కి 4 బైట్లు. 82 × 52 × 4 అంటే 17,056. దానికి హెడర్ (ఫైల్ మొదట్లో ఉండే వివరాలు) కొద్దిగా కలుస్తుంది. అంటే పెద్ద ఫైల్ 17 వేల బైట్లకి కాస్త పైన ఉండాలి. మధ్యది 4,264కి కాస్త పైన, చిన్నది 280కి కాస్త పైన. పెద్ద ఫైల్ 12,800 దగ్గర కనిపిస్తే అది 24 బిట్, ఆల్ఫా చేర్చడం మర్చిపోయారు. వెయ్యో రెండు వేలో కనిపిస్తే కంప్రెషన్ టిక్ తీయలేదు. వందల కేబీ ఉంటే సైజు తగ్గించకుండానే ఎగుమతి చేశారు.

ఆరిజిన్ సంగతి మాత్రం ఈ పరీక్షలో బయటపడదు. బొమ్మల వ్యూయర్‌లో తెరిచినా బయటపడదు, ఎందుకంటే వ్యూయర్లు హెడర్ చదివి బొమ్మని నిటారుగానే చూపిస్తాయి. జింప్‌లో నిటారుగా కనిపించిన ఫైల్ ఆటలో తలకిందులు కావడానికి కారణం ఇదే. అది ఆటలోనే చూసుకోవాలి. అన్నట్టు, విండోస్ ఫోటోస్‌లో టీజీఏ తెరుచుకోదు, అందుకని ఫైల్ పాడైందని అనుకోకండి.

6. పేర్లు పెట్టి, ఫోల్డర్లలో ఉంచండి

మూడు సైజులకీ పేరు ఒక్కటే, ఫోల్డర్ మాత్రమే వేరు. పెద్ద ఆర్‌ఏజే.టీజీఏ ఫ్లాగ్స్‌లోకి, మధ్య ఆర్‌ఏజే.టీజీఏ మీడియంలోకి, చిన్న ఆర్‌ఏజే.టీజీఏ స్మాల్‌లోకి. దేశం కోడ్ పెద్ద అక్షరాల్లో ఉండాలి.

ఇక మొదటి దశలో రాసుకున్న కాగితం తీయండి. ఆటలో నాలుగు సిద్ధాంతాలు ఉన్నాయి, ఒక్కోదానికి వేరే జెండా ఉండొచ్చు. పేరు ఇలా ఉంటుంది: ఆర్‌ఏజే_కమ్యూనిజం, ఆర్‌ఏజే_ఫాసిజం, ఆర్‌ఏజే_డెమొక్రటిక్, ఆర్‌ఏజే_న్యూట్రాలిటీ. జాగ్రత్తగా చూడండి, మొదటి రెండింటికీ చివర ఇజం ఉంది, మూడోది డెమొక్రసీ కాదు, డెమొక్రటిక్. కమ్యూనిస్ట్, ఫాసిస్ట్, డెమొక్రసీ అని రాస్తే ఆట ఆ ఫైళ్లని పట్టించుకోదు. ఎర్రర్ కూడా చూపదు, పాత జెండానే చూపిస్తుంది.

ఆట ముందు సిద్ధాంతం పేరున్న ఫైల్ కోసం వెతుకుతుంది. అది దొరికితే అదే వాడుతుంది. దొరక్కపోతేనే మామూలు ఆర్‌ఏజే ఫైల్‌కి వస్తుంది. మీరు మామూలుది ఒక్కటే మార్చారనుకోండి, ఆట అసలు ఫోల్డర్‌లో సిద్ధాంతం పేరున్న ఫైల్ ఇంకా ఉంది కాబట్టి అదే కనిపిస్తుంది. "అన్నీ సరిగ్గా చేశాను, అయినా పాత జెండానే" అనేవాళ్లలో ఎక్కువమందికి జరుగుతున్నది ఇదే. మీ కాగితం మీద ఎన్ని పేర్లున్నాయో అన్నిటికీ మీ బొమ్మ కాపీలు పెట్టేయండి, మూడు ఫోల్డర్లలోనూ. ఆట మధ్యలో దేశం పేరు మారితే దాని జెండా ఫైల్ పేరు వేరుగా ఉంటుంది, అది కూడా అదే ఫోల్డర్‌లో వెతికితే దొరుకుతుంది.

ఎక్స్‌టెన్షన్లు కనిపించేలా పెట్టుకోమన్నది ఇప్పుడు పనికొస్తుంది. అవి దాగి ఉంటే మీరు పేరు మార్చేటప్పుడు ఫైల్ పేరు చివర టీజీఏ రెండుసార్లు పడిపోతుంది, మీకు ఒక్కటే కనిపిస్తుంది. పీఎన్‌జీ ఫైల్‌కి పేరు మార్చి టీజీఏ అని పెడితే అది టీజీఏ అయిపోదు. లోపల ఇంకా పీఎన్‌జీయే. ఎగుమతి చేయడం ఒక్కటే దారి.

7. ఆటలో పరీక్షించండి

లాంచర్‌లో కొత్త ప్లేసెట్ (వాడాల్సిన మాడ్‌ల జాబితా) ఒకటి పెట్టి, అందులో మీ మాడ్ ఒక్కదాన్నే చేర్చి, ఆన్ చేయండి. మాడ్ ఉంది కానీ ప్లేసెట్‌లో చేర్చలేదు అంటే ఆటకి అది లేనట్టే. జెండాలు మార్చే వేరే మాడ్‌లు ఉంటే పరీక్ష అయ్యేదాకా పక్కన పెట్టండి.

ఐరన్‌మ్యాన్ (కన్సోల్ ఆదేశాలు పనిచేయని మోడ్) ఆఫ్ చేసి, బ్రిటిష్ ఇండియాతో కొత్త ఆట మొదలుపెట్టండి. దేశం ఎంచుకునే తెరలో, ఆటలో ఎడమవైపు పైన, దౌత్యం కిటికీలో, జాబితాల్లో ఇలా అన్నిచోట్లా చూడండి. ఒక్కచోట సరిగ్గా ఉంది కదా అని ఆపేయకండి, వేర్వేరు చోట్ల వేర్వేరు సైజులు వాడతారు. పెద్దది కొత్తదిగా, చిన్నది పాతదిగా కనిపిస్తే స్మాల్ ఫోల్డర్‌లో ఏదో తేడా ఉంది.

సిద్ధాంతాల జెండాలు చూడటానికి ఏళ్ల తరబడి ఆడక్కర్లేదు. ఎస్కేప్ కీ కింద ఉండే కీ నొక్కితే ఆదేశాలు టైప్ చేసే కన్సోల్ తెరుచుకుంటుంది. అందులో సెట్_రూలింగ్_పార్టీ అని, ఒక ఖాళీ వదిలి కమ్యూనిజం అని ఇంగ్లీషులో టైప్ చేసి ఎంటర్ కొట్టండి. ప్రభుత్వం మారి ఆ జెండా వచ్చేస్తుంది. మిగతా మూడింటికీ ఇలాగే.

ఫైల్‌లో ఏదైనా మారిస్తే ఆట పూర్తిగా మూసి మళ్లీ తెరవండి. మెయిన్ మెనూకి వెళ్లి వస్తే సరిపోదు.

ఇంకా రాకపోతే

కనిపించే లక్షణాన్ని బట్టి వెతకండి, మొత్తం మొదటి నుంచి చేయకండి.

తలకిందులుగా ఉంటే ఆరిజిన్ మార్చి మళ్లీ ఎగుమతి చేయండి. తొందరలో బొమ్మనే తలకిందులు చేసి ఎగుమతి చేసేవాళ్లున్నారు. పని జరుగుతుంది, కానీ ఆర్నెల్ల తరువాత అదే ఫైల్ తెరిచినప్పుడు ఏది నిటారో మీకే గందరగోళం అవుతుంది.

రంగుల గీతలు గీతలుగా, చెదిరినట్టు కనిపిస్తే కంప్రెషన్ గానీ కొలతలు గానీ కారణం. 82 × 52 బదులు 82 × 53 ఉన్నా ఇబ్బందే. బైట్ల లెక్క మళ్లీ చూడండి.

జెండా చోట ఖాళీగా ఉంటే ఆల్ఫా నల్లగా ఉండి బొమ్మ పారదర్శకమైపోయింది.

పాతదే వస్తుంటే ముందు ప్లేసెట్, తరువాత ఏ డాక్యుమెంట్స్ ఫోల్డర్ అన్నది, తరువాత సిద్ధాంతం పేర్లు, ఈ వరసలో చూడండి. అప్పటికీ తెలియకపోతే డాక్యుమెంట్స్‌లోని ఆట ఫోల్డర్‌లో లాగ్స్ అనే ఫోల్డర్, అందులో ఎర్రర్ అనే లాగ్ ఫైల్ ఉంటుంది. నోట్‌ప్యాడ్‌లో తెరిచి మీ ఫైల్ పేరు కోసం వెతకండి. అందులో మీకు సంబంధం లేని ఎర్రర్లు చాలా కనిపిస్తాయి, వాటిని చూసి టెన్షన్ పడకండి.

మాడ్ పాత వెర్షన్‌దని లాంచర్ హెచ్చరిస్తే, ఇలాంటి జెండాల మాడ్‌కి మామూలుగా ఏమీ కాదు. మాడ్ ఫైల్‌లో వెర్షన్ సంఖ్య మారిస్తే ఆ హెచ్చరిక పోతుంది.

వేరే ఆటలకైతే

పద్ధతి ఇదే, కొలతలే వేరు. యూరోపా యూనివర్సాలిస్ 4లో జెండా చదరం, 128 × 128, అదీ టీజీఏయే. వార్‌హ్యామర్ 40,000 డాన్ ఆఫ్ వార్‌లో అయితే మాడ్ కూడా అక్కర్లేదు. ఆట ఫోల్డర్‌లోనే బ్యాడ్జెస్, బ్యానర్స్ అని రెండు ఫోల్డర్లు ఉంటాయి. 64 × 64 బ్యాడ్జ్, 64 × 96 బ్యానర్ టీజీఏలుగా అందులో వేస్తే ఆర్మీ పెయింటర్‌లో (ఆటలో సైన్యానికి రంగులు, గుర్తులు పెట్టే తెర) ఎంచుకోవచ్చు. నేరుగా సైన్యానికే గుర్తు పెట్టాలన్న కోరిక ఉన్నవాళ్లకి ఆ ఆట చాలా సరదాగా ఉంటుంది. ఏ ఆటైనా సరే, ముందు దాని సొంత ఫైల్ ఒకటి తెరిచి కొలత, బిట్లు చూసి మొదలుపెట్టండి.

స్నేహితులకి ఇవ్వాలంటే

మీ జెండా మీ కంప్యూటర్‌లోనే ఉంటుంది. మల్టీప్లేయర్‌లో అవతలి వాళ్లకి కూడా కనిపించాలంటే వాళ్లు కూడా మాడ్ పెట్టుకోవాలి. ఫోల్డర్, డాట్ మాడ్ ఫైల్ రెండూ పంపండి. డాట్ మాడ్ ఫైల్‌లో పాత్ అనే లైన్‌లో మీ కంప్యూటర్ చిరునామా ఉంటుంది, వాళ్లు దాన్ని తమ ఫోల్డర్‌కి తగ్గట్టు నోట్‌ప్యాడ్‌లో మార్చుకోవాలి.

స్టీమ్ వర్క్‌షాప్‌లో పెట్టాలంటే ఇంకొంచెం జాగ్రత్త కావాలి. వేరేవాళ్లు గీసిన బొమ్మ అడగకుండా వాడకండి. మన నాలుగు సింహాల రాజ్య చిహ్నం వాడకానికి 2005లో చేసిన చట్టం ఉంది, దాన్ని సైన్యం గుర్తుగా పెట్టి బహిరంగంగా పంచే ఆలోచన మానుకోండి. నాజీ గుర్తులు బహిరంగంగా వాడటం జర్మనీలో మామూలుగా చట్టరీత్యా నేరం, అవి అసలే వద్దు. మాడ్ ఫోల్డర్‌లో థంబ్‌నెయిల్ అనే పేరుతో 1 ఎంబీ లోపు పీఎన్‌జీ బొమ్మ ఒకటి పెట్టండి, వర్క్‌షాప్‌లో కనిపించేది అదే. అందులో మీ గుర్తు మూడు సైజులూ పక్కపక్కన చూపిస్తే, తీసుకునేవాళ్లకి ఏం దొరుకుతుందో ముందే తెలుస్తుంది.